విచారణలో శిష్యరికం: జేమ్స్ మాలన్ 'డివైన్ రెనొవేషన్' గ్రంథంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

కతోలిక విచారణల నవీకరణను గురించి ఉత్తర అమెరికాలో వెలువడిన గ్రంథాలలో మూడింటికి విశేష ప్రచారం లభించింది. అవి 2012లో షెర్రీ వెడెల్ రచించిన 'ఫార్మింగ్ ఇంటెన్షనల్ డిసైపుల్స్', 2013లో మైకేల్ వైట్, టామ్ కోర్కొరన్ కలిసి వ్రాసిన 'రీబిల్ట్', 2014లో కెనడా దేశపు గురువు జేమ్స్ మాలన్ వ్రాసిన 'డివైన్ రెనొవేషన్'. విచారణ అనగా ఒక గురువు పోషణలో ఉండే స్థానిక విశ్వాసుల సమాజం. ఇతర సంఘాలవారు పాస్టరేటు అని పిలిచేదానికి ఇది దగ్గరగా ఉంటుంది.

ఈ మూడు గ్రంథాలూ సువార్తిక సంఘాల అనుభవం నుండి దాపరికం లేకుండా అరువు తెచ్చుకున్నాయి. అందువల్ల వీటి పరిశీలన కతోలిక గురువిద్యార్థులకు మాత్రమే కాక సంఘకాపరులందరికీ ప్రయోజనకరమని భావిస్తున్నాము. వీటిలో మాలన్ గ్రంథాన్ని ప్రధానంగా తీసుకుని, మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ గ్రంథం గుర్తించిన రోగం నిజమైనదేనా? సూచించిన మందు సరిపోతుందా? తెలుగు విచారణలకు దీనిని యథాతథంగా తెచ్చుకోవచ్చునా? మొదటి ప్రశ్నకు అవునని, రెండవదానికి సగమేనని, మూడవదానికి కాదని మా సమాధానం. ఈ సమాధానాలకు గల కారణాలను ఈ క్రింద వివరిస్తున్నాము.

1. గ్రంథం చెప్పే విషయం

మాలన్ 2010లో కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో సెయింట్ బెనెడిక్ట్ విచారణకు గురువుగా వచ్చారు. మూడు విచారణలను కలిపి ఏర్పరచిన కొత్త విచారణ అది. గ్రంథంలోని వాదనకు వెనుక ఈ అనుభవం ఉంది. విచారణలు ఉన్నదానిని నిలుపుకోవడంలోనే తమ శక్తినంతా ఖర్చు చేస్తున్నాయని, పంపబడిన సంఘంగా జీవించడం మరచిపోయాయని ఆయన ప్రధాన ఆరోపణ. పూజలు జరుగుతాయి, సంస్కారాలు ఇవ్వబడతాయి, భవనాలకు మరమ్మతులు జరుగుతాయి. అయితే వీటన్నిటి ఫలితంగా ఎవరైనా క్రీస్తుకు శిష్యులవుతున్నారా అనే ప్రశ్నను మాత్రం ఎవరూ అడగరు.

ఈ ఆరోపణ కొత్తది కాదు. చిన్ననాడే జ్ఞానస్నానం పొందినవారిలో కొందరు క్రీస్తుతో స్పష్టమైన వ్యక్తిగత అనుబంధం లేకుండానే జ్ఞానోపదేశానికి వస్తున్నారని రెండవ జాన్ పాల్ పోపుగారు 1979లో 'కాతెకేసి త్రాదెందే' అనే ప్రబోధంలో (19వ పేరా) గుర్తించారు. 2007లో బ్రెజిల్ దేశంలోని అపారెసిదాలో సమావేశమైన లాటిన్ అమెరికా పీఠాధిపతులు శిష్యులు, ప్రేషితులు అనే రెండు మాటలను ఒక్కటిగా చేర్చి ధ్యానించారు. అక్కడి అంతిమ పత్రాన్ని సిద్ధపరచిన సంఘానికి అధ్యక్షులుగా ఉన్న కార్డినల్ బెర్గోలియో తరువాత ఫ్రాన్సిస్ పోపు అయ్యారు. 2013లో 'ఎవాంజెలీ గౌదియుమ్' ప్రబోధంలో, జ్ఞానస్నానం పొందిన ప్రతివాడూ ప్రేషిత శిష్యుడేనని ఆయన బోధించారు (120వ పేరా). మాలన్ చేసినదేమంటే, ఈ బోధనను ఒక విచారణ కార్యాలయం వరకు, ఆదివారపు పూజ వరకు, గుడి వాకిట నిలబడి పలకరించే వ్యక్తి వరకు దించడం. ఆతిథ్యం, సంగీతం, ప్రసంగం, చిన్న సమూహాలు, పరిశుద్ధాత్మ అనుభవం మొదలైన అంశాలను ఆయన ఒక్కొక్కటిగా చర్చిస్తారు. గురువు ఒక్కడే అన్నీ చేయాలనే గురుకేంద్రిత మనస్తత్వాన్ని గట్టిగా ఖండిస్తారు. ఇవి ఈ గ్రంథం యొక్క నిజమైన బలాలు.

2. గొప్ప ఆజ్ఞలోని వ్యాకరణం

మాలన్ తన వాదనకు మత్తయి 28:19-20ని పునాదిగా చేసుకుంటారు. గ్రీకు మూలంలో ఈ వాక్యానికి ప్రధాన క్రియ ఒక్కటే, 'మథేతెయుసాతె', అనగా శిష్యులను చేయుడి అని అర్థం. వెళ్ళుట, జ్ఞానస్నానమిచ్చుట, బోధించుట అనే మూడూ దానిని ఆశ్రయించిన అసమాపక రూపాలు. సంఘాలు వెళుతున్నాయి, జ్ఞానస్నానమిస్తున్నాయి, బోధిస్తున్నాయి గాని ప్రధాన క్రియనే విడిచిపెట్టాయని మాలన్ చేసే విమర్శ సమంజసమైనది. ఈ ఒక్క అంశం కోసమైనా గురువిద్యార్థులు ఈ గ్రంథాన్ని చదవాలి.

అయితే ఈ వ్యాకరణాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్ళాలి. జ్ఞానస్నానమిచ్చుట, బోధించుట అనే రెండు రూపాలూ శిష్యులను చేసే విధానాన్ని తెలుపుతున్నాయి. కాబట్టి మొదట శిష్యులను చేసి, సంస్కారాలను తరువాత జోడించవచ్చునని ఈ వాక్యం నుండి రాబట్టలేము. సంస్కారాలు శిష్యరికానికి పోటీ కావు. శిష్యరికానికి దారి అవే. పైగా ఆ బోధ యొక్క లక్ష్యం ప్రభువు ఆజ్ఞాపించిన వాటన్నిటినీ గైకొనేటట్లు చేయడం. మత్తయి సువార్తలో ఆ ఆజ్ఞలు ఎక్కువగా కొండమీది ప్రసంగంలో ఉన్నాయి. శత్రువును ప్రేమించుట, సహోదరునితో సమాధానపడిన తరువాతనే అర్పణ అర్పించుట, ధనాన్ని కొలవకుండుట వంటివి అవి. వీటిని వినడానికి ఒక సాయంకాలం చాలు. వీటిని జీవించడం నేర్చుకోవడానికి సంవత్సరాలు పడుతుంది, ఇప్పటికే జీవిస్తున్నవారి సహవాసం కావలసివస్తుంది. మార్కు 3:14 ప్రకారం పన్నెండుమందిని ప్రభువు పంపడానికి ముందు తనతో ఉండడానికే నియమించాడు. ఈ 'తనతో ఉండుట' అనే దీర్ఘకాలానికి మాలన్ గ్రంథంలో దక్కవలసినంత చోటు దక్కలేదని మా అభిప్రాయం.

3. ఆల్ఫా: ఎవరి ప్రశ్నకు జవాబు?

సెయింట్ బెనెడిక్ట్ విచారణ నవీకరణకు కేంద్రం ఆల్ఫా. ఇది 1977లో లండన్ నగరంలోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ అనే ఆంగ్లికన్ సంఘంలో చార్లెస్ మార్న్‌హామ్ ప్రారంభించిన పాఠ్యక్రమం. 1990 నుండి నిక్కీ గంబెల్ నాయకత్వంలో ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. సుమారు పది పదకొండు వారాలపాటు వారానికొకసారి కలిసి భోజనం చేసి, ఒక ప్రసంగం విని, స్వేచ్ఛగా చర్చించుకుంటారు. మధ్యలో పరిశుద్ధాత్మను గురించి ఒక వారాంతపు కూడిక ఉంటుంది. దీనిలో అన్ని సంఘాలకు ఉమ్మడియైన తొలి సువార్తా ప్రకటన ఉంటుంది. సంస్కారాలను గురించిన కతోలిక బోధన ఉండదు. మాలన్‌కు ఇది తెలుసు. అందుకే ఆయన దీనిని ప్రవేశద్వారంగా మాత్రమే భావించి, తరువాతి కాలానికి ఇంటింటి సమూహాలను ఏర్పాటు చేశారు.

ఆల్ఫా వేరొక సంఘం నుండి వచ్చిందనేది మా అభ్యంతరం కాదు. మంచిని ఎక్కడినుండైనా స్వీకరించవచ్చు. వెడెల్ కూడా తాను వర్ణించిన అయిదు గడపలను, అనగా నమ్మకం, కుతూహలం, మనసు విప్పడం, అన్వేషణ, సంకల్పపూర్వక శిష్యత్వం అనేవాటిని, డాన్ ఎవర్ట్స్, డగ్ షాప్ అనే ఇద్దరు సువార్తిక రచయితల నుండి తీసుకున్నారు. 'రీబిల్ట్' రచయితలు రిక్ వారెన్‌గారి సాడిల్‌బ్యాక్ సంఘం నుండి నేర్చుకున్నారు.

మా అభ్యంతరాలు రెండు. మొదటిది, ప్రతి పాఠ్యక్రమం ఒక ప్రశ్నకు జవాబుగా పుడుతుంది. ఆల్ఫా అడిగే ప్రశ్న దేవుడు లేకుండానే జీవితం సాగుతున్న నగరవాసి ప్రశ్న. జీవితానికి ఇంతకన్నా అర్థం లేదా అని అతడు అడుగుతాడు. గుంటూరు, ఖమ్మం జిల్లాల పల్లెలలోని విశ్వాసికి దేవుడు ఉన్నాడా అనే సందేహం సాధారణంగా రాదు. ఉన్న దేవుడు నా బిడ్డను బ్రతికిస్తాడా, నన్ను మనిషిగా చూస్తాడా అనేది అతని ప్రశ్న. రెండవది, తొలి ప్రకటనను ప్రవేశద్వారమని పిలిచినప్పుడు, దానిని దాటి లోపలికి వెళ్ళిపోవచ్చునని అనిపిస్తుంది. 'ఎవాంజెలీ గౌదియుమ్' 164వ పేరా దీనికి భిన్నంగా బోధిస్తుంది. తొలి ప్రకటన కాలక్రమంలోనే మొదటిది కాదని, జ్ఞానోపదేశపు ప్రతి దశలోను మళ్ళీ మళ్ళీ వినిపించవలసిన ప్రధాన ప్రకటన అదేనని దాని భావం. ఆ ప్రకటనను పది వారాలకు అప్పగిస్తే, మిగిలిన నలభై వారాలు ఆదివారపు ప్రసంగం, మరణశయ్య దగ్గరి ప్రార్థన, వివాహ సిద్ధబాటు ఏమి ప్రకటిస్తాయి?

4. ఇంట ఉన్న నిధి

కతోలిక శ్రీసభకు శిష్యులను చేసే సొంత విధానం ఒకటి ఉంది. రెండవ వాటికన్ మహాసభ ఆదేశం మేరకు 1972లో వయోజనుల క్రైస్తవ ప్రవేశ విధి పునరుద్ధరించబడింది. సువార్తను విని పరిశీలించే కాలం, జ్ఞానస్నానార్థుల శిక్షణాకాలం, తపస్సుకాలంలో శుద్ధీకరణ, పాస్కా పండుగ తరువాత పొందిన రహస్యాలను ధ్యానించే కాలం అని దానిలో నాలుగు కాలాలున్నాయి. ఈ కాలాలలో జ్ఞానస్నానార్థి ఒంటరిగా నడవడు. పూచీదారుడు, జ్ఞాన తల్లిదండ్రులు, ఉపదేశి, యావత్తు సమాజం అతనితో నడుస్తారు.

దీని మూలాలు ప్రాచీనమైనవి. హిప్పోలితుకు ఆపాదించబడిన 'అపోస్తలిక సంప్రదాయం' అనే గ్రంథం మూడు సంవత్సరాల శిక్షణను సూచిస్తుంది. అయితే కాలం కన్నా నడవడియే ముఖ్యమని కూడా చెబుతుంది. జ్ఞానస్నానానికి ఎన్నుకోబడేవారిని పాఠం అప్పజెప్పమని అడగరు. వీరు విధవరాండ్రను గౌరవించారా, రోగులను దర్శించారా, సత్క్రియలు చేశారా అని అడుగుతారు. జవాబు చెప్పేది కూడా అభ్యర్థి కాదు, అతనిని తీసుకువచ్చినవారు సాక్ష్యమిస్తారు. శిష్యరికానికి ఇంతకన్నా స్పష్టమైన కొలత మరొకటి మాకు కనిపించలేదు.

మాలన్ గ్రంథంలో జ్ఞానస్నానానికి, వివాహానికి వచ్చే కుటుంబాలతో ఎలా మెలగాలో చర్చించిన భాగం ఎంతో వివేకంతో కూడినది. వచ్చినవారిని తిప్పి పంపకూడదు, అలాగని ఏమీ అడగకుండా ముద్ర వేసి పంపకూడదు అనేది ఆయన వైఖరి. ఈ భాగమే గ్రంథానికి కేంద్రమై ఉండవలసింది. కార్యక్రమాన్ని నడిపేవారిని తయారుచేయడం కన్నా, ఒక కుటుంబానికి తోడుగా మరొక కుటుంబాన్ని నిలబెట్టడం విచారణ స్వభావానికి దగ్గరైన పని. ప్రిస్కిల్ల, అక్విల దంపతులు అపొల్లోను తమతో చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు (అపొ. కా. 18:26). వారి దగ్గర ఉన్నది ఇల్లు, పని, అనుభవం మాత్రమే.

5. తెలుగు విచారణ: ఊరు, ఉపదేశి, వెల

ఇప్పుడు మన నేలకు వద్దాం. హాలిఫాక్స్ విచారణకు, తెలుగు విచారణకు మధ్య మూడు భేదాలను గమనించాలి.

మొదటిది, ఊరు. మన గ్రామీణ విచారణ ఒక్క గుడి కాదు. ఒక కేంద్రం, దాని చుట్టూ అనేక పల్లెలు. అనేక పల్లెలలో ప్రతి ఆదివారమూ పూజ ఉండదు. గురువు లేని ఆదివారాన ప్రార్థన నడిపేది, రోగి దగ్గరకు మొదట వెళ్ళేది, పిల్లలకు సిలువ గుర్తు నేర్పేది ఉపదేశి. వారాంతపు పూజకు ప్రథమ ప్రాధాన్యం ఇవ్వాలనే మాలన్ సూత్రం ఇక్కడ ఉపదేశి శిక్షణకు ప్రథమ ప్రాధాన్యంగా మారాలి. తెరమీద చూపే ప్రసంగాలు కొని తెచ్చి, ఉపదేశికి సరియైన జీతం, శిక్షణ ఇవ్వని విచారణ, నవీకరణ పేరుతో తన వేరునే కోసుకుంటున్నది.

రెండవది, నిర్ణయం తీసుకునే తీరు. వెడెల్, మాలన్ ఇద్దరూ వ్యక్తిగత నిర్ణయాన్ని శిష్యరికానికి ద్వారంగా చూస్తారు. తెలుగు క్రైస్తవ చరిత్ర మరొక దారిలో నడిచింది. మాల, మాదిగ కుటుంబాలు పేటలకు పేటలుగా విశ్వాసంలోకి వచ్చాయి. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరవు సహాయకాలంలో బాప్తిస్మాలను ఆపివేసి, తరువాత 1878 జూలై 3న ఒక్క దినాన 2,222 మందికి బాప్తిస్మం జరిపించడం అందరికీ తెలిసినదే. ఇటువంటి సామూహిక ఉద్యమాలను తెలుగు ప్రాంతాలతో సహా పరిశీలించిన జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన గ్రంథంలో, ప్రజలు ఏ ఉద్దేశంతో వచ్చారన్నదానికన్నా, వచ్చిన తరువాత వారికి లభించిన బోధ, పోషణ ముఖ్యమని చూపారు. ఇది ప్రొటెస్టంటు సంఘాల అధ్యయనమైనా కతోలిక విచారణలకు అంతే వర్తిస్తుంది. మన ప్రజలు కుటుంబంగా విశ్వసిస్తారు. దీనిని లోపంగా కాక శిష్యరికానికి పునాదిగా తీసుకోవాలి.

మూడవది, వెల. ఇది అన్నిటికన్నా బరువైనది. దేవునితో తమ సంబంధాన్ని గురించి కతోలికులు మాట్లాడుకోరని, ఈ మౌనాన్ని ఛేదించాలని వెడెల్ అంటారు. అమెరికాలో ఈ మౌనానికి కారణం అలవాటు కావచ్చు. మన దగ్గర దానికి మరొక కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు మాత్రమే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుండి వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవలసివచ్చింది. కాబట్టి నేను క్రీస్తు శిష్యుడను అని ఒక దళిత యువకుడు కాగితం మీద వ్రాస్తే, అతడు చదువును, ఉద్యోగాన్ని, అత్యాచారాల నుండి చట్టం ఇచ్చే రక్షణను కోల్పోవచ్చు. అందువల్ల ధ్రువపత్రంలో ఒక మాట, గుడిలో మరొక మాట చెప్పే కుటుంబాలు ఉన్నాయి.

ఈ కుటుంబాలను అర్ధ శిష్యులని వేలెత్తి చూపే అర్హత మనకు లేదు. లూకా 14:25-33లో ప్రభువు శిష్యరికపు ఖర్చును లెక్కచూసుకొమ్మని చెప్పినమాట నిజమే. అయితే ఆ ఖర్చు నిరుపేద ఒక్కడే భరిస్తున్నప్పుడు, దానిలో సమాజమంతా భాగం పంచుకోవాలి. ఇక్కడ మన విచారణల ముందు ఒక కఠినమైన ప్రశ్న నిలుస్తుంది. హోదాను పోగొట్టుకుని వచ్చిన ఆ యువకునికి గుడిలో ఏ హోదా దొరుకుతున్నది? కులాన్నిబట్టి కూర్చునే చోటు, కలిసి బలిపీఠం చేరినా ఒకరి ఇంట ఒకరు అన్నం తినని అలవాటు, కులం చూసి కుదిరే పెళ్ళి సంబంధాలు మన మధ్య ఇంకా ఉన్నాయి. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారతపై ఒక విధానాన్ని విడుదల చేసింది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు దళితులలో నుండి తొలి కార్డినల్ అయ్యారు. ఇవి సంతోషించదగిన గుర్తులు. అయితే అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనం మాని వెనుదీసినప్పుడు, అతడు సువార్త సత్యాన్ని అనుసరించి నడవడం లేదని పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ. 2:11-14). భోజనపు బల్ల దగ్గర తప్పిపోయిన శిష్యరికాన్ని ఏ పాఠ్యక్రమమూ సరిచేయలేదు. ఆల్ఫాలోని భోజనం హాలిఫాక్స్‌లో స్నేహానికి సాధనం. మన ఊళ్ళలో ఎవరు వండారు, ఎవరు తిన్నారు అనేదే సువార్త ప్రకటన కాగలదు. మాలన్ గ్రంథం ఊహించని చోట దాని అత్యంత విలువైన సూచన మనకు దొరుకుతుంది.

6. ముగింపు: ఏమి తీసుకోవాలి?

1990లో బాండుంగ్‌లో సమావేశమైన ఆసియా పీఠాధిపతుల సమాఖ్య స్థానిక శ్రీసభను సమాజాల సహవాసంగా దర్శించింది. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థలో రూపొందిన ఏడు మెట్ల సువార్త పఠనం ఆసియా దేశాలకు వచ్చి, చిన్న క్రైస్తవ సమాజాలకు ఆధారమైంది. పొరుగువారు ఒక ఇంట కూడి, వాక్యాన్ని చదివి, మౌనంగా ధ్యానించి, ఊరిలో ఏమి చేయాలో నిర్ణయించుకునే ఈ పద్ధతి మన పల్లెకు సహజంగా అమరుతుంది. ఇది మొక్కుబడి కూడికగా మారిన చోట్ల మాలన్ ప్రశ్న దానికి మళ్ళీ ప్రాణం పోయగలదు. మాలన్ సూచించిన కార్యక్రమానికి లేని వేరు ఈ పద్ధతిలో దొరుకుతుంది.

కాబట్టి 'డివైన్ రెనొవేషన్' గ్రంథంలోని ప్రశ్నను తీసుకోవాలని, దాని పాఠ్యక్రమాన్ని యథాతథంగా తీసుకోనవసరం లేదని మా తీర్మానం. విచారణలో నవీకరణ జరుగుతున్నదా అని తెలుసుకోవడానికి హాజరు పట్టిక చాలదు. ఈ సంవత్సరం జ్ఞానస్నానం పొందిన బిడ్డ తల్లిదండ్రులకు ఏ కుటుంబం తోడుగా నిలిచింది? ఉపదేశి చివరిసారి శిక్షణ పొందినది ఎప్పుడు? తపస్సుకాలంలో సమాధానపడిన ఇళ్ళు ఎన్ని? పండుగనాడు ఎవరి పక్కన ఎవరు కూర్చుని అన్నం తిన్నారు? పరిచర్యకు సిద్ధపడుతున్న విద్యార్థులు తమ మొదటి విచారణలో ఈ నాలుగు ప్రశ్నలను అడగాలని, జవాబులు వచ్చేవరకు ఓపికతో అక్కడి ప్రజలతో నడవాలని కోరుతున్నాము. శిష్యులను చేయమన్న ప్రభువు ఆ పనికి గడువు పెట్టలేదు. యుగసమాప్తివరకు తోడుంటానని మాత్రం మాట ఇచ్చాడు.